ఒక చక్కెర పలుకు తక్కువై గిద్దలూరు ప్రయాణం

మనుషులు మొక్కుకో, పెళ్ళికో, పరామర్శకో ప్రయాణం కడతారు. మొన్న ఆశ్వయుజంలో నేను తెనాలి నుంచి గిద్దలూరు వెళ్ళింది మాత్రం నా ఒంట్లో ఒక చక్కెర పలుకు తక్కువైనందుకు.

చక్కెర అనగానే షుగరు జబ్బనుకోకండి. ఆ వైభవం మావారిది. నాది రక్తం సంగతి. మన ఎర్రకణాల ఒంటినిండా సన్నటి చక్కెర గొలుసులు నిలబడి ఉంటాయట. వాటి చివర ఒక్కొక్క పలుకూ అతికించడానికి ఒంట్లో పనివాళ్ళు ఉంటారు. వాళ్ళనే ఎంజైములంటారు. ముందు ఒకడు వచ్చి పునాది పలుకు అతికించి వెళితే, ఆ తర్వాతివాడు దాని మీద ఏ పలుకో బీ పలుకో పెడతాడు. పునాది మీద ఎవరూ ఏమీ పెట్టకపోతే ఓ గ్రూపు. నాలో ఆ మొదటి పనివాడే లేడు. వాడి పేరు ఫ్యూకోసిల్ ట్రాన్స్‌ఫరేజు. రోజూ సహస్రనామం చదివే నోరు కూడా ఆ ఒక్క నామానికి వారం రోజులు తడబడింది. వాడు లేని రక్తాన్ని మొదట బొంబాయిలో కనిపెట్టారు కాబట్టి దానికి బొంబాయి గ్రూపు అని పేరు. మాలాంటి వాళ్ళకి మాలాంటి వాళ్ళ రక్తమే పడుతుంది. అందరికీ పడే ఓ రక్తం కూడా మాకు పడదు.

ఈ గ్రూపు వాళ్ళందరం కలిసి వాట్సాపులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున్నే గులాబీపూలు, సుప్రభాతాలు వచ్చే అందులో ఒకరోజు వేరే కబురు వచ్చింది. గిద్దలూరు దగ్గర పల్లెలో పార్వతి అనే అమ్మాయికి తొలికాన్పు. మాయ కిందికి దిగి ఉంది, ఆపరేషను చేయాలి. రక్తం బాగా పోవచ్చు కాబట్టి మా గ్రూపు రక్తం ఒక సంచి సిద్ధంగా ఉంటే తప్ప డాక్టరమ్మ కత్తి పట్టనంటోంది. దగ్గర్లో ఉన్న ఒకాయన ఈమధ్యే ఇచ్చాడు. ఇంకొకాయనకి కామెర్లు. మిగిలింది నేను.

సంతోషంగా గుంటూరు పరుగెత్తాను. అక్కడి రక్తనిధిలో వేలు పొడిచి చూసి, "హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలమ్మా, మీకు పన్నెండే ఉంది" అని వెనక్కి పంపించారు. అర మార్కుతో తప్పడమంటే ఏమిటో బడి ముఖం చూడని నాకు అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి తోటకూర, మునగాకు, నువ్వులుండలు, ఖర్జూరాలు మొదలుపెట్టాను. కాఫీ, టీలు ఒంటికి ఇనుము పట్టనివ్వవన్నారని రెండూ మానేశాను. తెనాలిలో పుట్టి కాఫీ మానడమంటే అన్నవరం వెళ్ళి ప్రసాదం వద్దనడం లాంటిది. మూడు వారాలు గడిచేసరికి అక్కడ ఆపరేషను రోజు దగ్గరపడింది. నేరుగా మార్కాపురం రక్తనిధికే రండి, అక్కడే పరీక్ష, సరిపోతే అక్కడే తీసుకుంటాం అన్నారు. సరిపోకపోతే ఏమిటన్నది వాళ్ళూ అనలేదు, నేనూ అడగలేదు. సోమవారం పరీక్ష. రెండు రోజులు ముందే వస్తే మా ఇంట్లో పెట్టుకుని బలం చేసి తీసుకెళతామని పార్వతి అత్తగారు కబురు పెట్టింది. దేవుడి దగ్గర దీపం పెట్టి, శనివారం బయల్దేరాను.

వినుకొండ దాటాక

గుంటూరులో రైలెక్కినప్పుడు కిటికీ బయట అంతా పచ్చటి వరి. వినుకొండ దాటాక ఆ పచ్చదనం పలచబడి, ఎర్రమట్టి, రాళ్ళు, కందిచేలు, మధ్యలో మేకలు మొదలయ్యాయి. ఎదుటి సీట్లో కంభం వెళుతున్న ఒకామె కూర్చుంది. మా తెనాలి వైపు కొత్తవాళ్ళని వివరాలు అడగాలంటే ముందు ఎండల గురించి మాట్లాడి, కూరగాయల ధర మీదుగా చుట్టు తిరిగి విషయానికి వస్తారు. ఈమెకి అంత తీరిక లేదు.

"యాడికి? ఎవురింటికి? ఏం పనికి?"

రక్తం ఇవ్వడానికని చెప్పి, అర మార్కు బెంగ కూడా చెప్పుకున్నాను.

"దానికేముందక్కా, మేక కార్జం తిను. మూడు దినాలు తిన్నావంటే రక్తం తన్నుకోని వస్తాది."

"నేను నీచు తినను."

"గుడ్డు?"

"అదీ తినను."

"మరి ఏం తిని ఇస్తావు రక్తం?"

"తోటకూర."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఆకులు తినే మా మేకలు రక్తం పెట్టుకోలేదా? నువ్వూ పెట్టుకుంటావులే" అని తనే ధైర్యం చెప్పి, ఉడకబెట్టిన శనక్కాయలు నా ఒళ్ళో కుమ్మరించింది. డబ్బులివ్వబోతే, "నువ్వు రక్తమే ఊరికిస్తాంటే నేను కాయలకు తీసుకుంటానా?" అని కసిరింది. టీ అబ్బాయి కేక వేస్తూ వచ్చినప్పుడల్లా నేను కిటికీ వైపు తిరిగి నామస్మరణ చేసుకున్నాను. భక్తి కాదు, టీ వాసన.

గిద్దలూరు స్టేషను

నన్ను తీసుకెళ్ళడానికి పార్వతి మామగారు కాశయ్య వస్తారన్నారు. దిగి నిలబడ్డాను. భుజాన గొంగడి, చేతిలో కర్ర ఉన్న పెద్దాయన ఒకరు ఏసీ పెట్టె వైపు గబగబా నడుస్తూ నన్ను దాటిపోయారు. తిరిగి వస్తూ దాటిపోయారు. జనం పలచబడ్డాక ఇక తప్పదన్నట్టు నా ముందు ఆగి, గొంతు సవరించుకుని అడిగారు.

"ఆప్... బొంబాయి సే?"

రక్తం గ్రూపు గురించే అడుగుతున్నారనుకుని, "అవునండీ, బొంబాయే" అన్నాను.

ఆయన ముఖం వికసించింది. "అబ్బో! తెలుగు బాగా వస్తాదే నీకు!"

తెనాలి తెలుగంటే ఎవరికైనా మెచ్చుకోలే కదా. వినయంగా, "ఏదో, మా వైపు అందరం ఇలాగే మాట్లాడతామండీ" అన్నాను. కాశయ్యగారు ఆశ్చర్యంతో తల ఊపారు.

స్టేషను బయట నల్లమల నుంచి దిగిన ఆడవాళ్ళు సీతాఫలాల బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. బుట్ట నూట యాభై. తెనాలిలో ఆ డబ్బుకి నాలుగు కాయలిచ్చి, రెండు పిసికి మరీ ఇస్తారు. కాశయ్యగారు బుట్టెడూ కొనేశారు.

"ఇన్నెందుకండీ?"

"నీకు ఒంట్లో చక్కెర తక్కువంట గదా. తిను. అతుక్కుంటే అతుక్కుంటాది."

అమ్మే ఆమె కూడా జాలిపడి ఒక కాయ కొసరు వేసింది.

నల్లమల అంచున

వాళ్ళ పల్లె అడవి మొదలయ్యే చోట ఉంది. ఇంటి ముందు గొర్రెల దొడ్డి, వెనక కొండ. పార్వతి అత్తగారి పేరు తిరుపతమ్మ. గట్టి మనిషి, గట్టి గొంతు. కొడుకు రమేషు మార్కాపురంలో బడిపిల్లల రాతపలకలు చేసే పనిలో ఉన్నాడట, వారానికోసారి వస్తాడట. తొలికాన్పుకి పుట్టింటికి పోవడం ఇక్కడా ఆచారమే. పార్వతిది చంద్రశేఖరపురం వైపు పల్లె. తల్లి పోయింది. "తల్లి లేనింటికి ఏం పంపిచ్చేది? నేనే చేసుకుంటా పురుడు" అంది తిరుపతమ్మ, ఎవరో కాదన్నట్టు కోపంగా.

ఈ ఇంట్లో 'అండీ' లేదు. అందరికీ 'నువ్వు' ఒకటే, ముందు ఒక వరస తగిలిస్తారు. నేను గుమ్మం ఎక్కేలోపే అక్కనైపోయాను. మొదట చెవికి కొత్తగా తోచింది కానీ, కాసేపటికి మా వైపు అండీలన్నీ కాళ్ళకి చెప్పులేసుకుని ఇంట్లో తిరిగినట్టుగా అనిపించాయి.

రాత్రి భోజనానికి చపాతీలు పెట్టారు. ఈ సీమలో అతిథికి చపాతీ పెట్టడం మర్యాద కాబోలనుకుని తిన్నాను. పొద్దున మళ్ళీ చపాతీలు. పక్కన శనగపిండితో చేసిన బొంబాయి చట్నీ.

"మీ ఊరి చట్నీ చేసినా. ఎట్లుందో చెప్పక్కా" అంది తిరుపతమ్మ.

మా తెనాలి హోటళ్ళలో పూరీకి వేసే చట్నీ కీర్తి నల్లమల దాకా పాకిందని పొంగిపోయాను. "అచ్చం మా ఊళ్ళో తిన్నట్టే ఉంది" అన్నాను. ఆవిడ భర్త వంక గర్వంగా చూసింది. ఆయన మాత్రం చపాతీని పళ్ళతో పట్టి అటూ ఇటూ లాగుతూ తలెత్తలేదు.

పార్వతి మాటలు తక్కువ పిల్ల. నా పక్కన కూర్చుని సీతాఫలం గింజలు ఏరి పెట్టింది. "అక్కా, నీకు భయం లేదా రక్తం ఇయ్యాలంటే?" అంది.

"ఇవ్వడానికి భయం లేదమ్మా. పుచ్చుకోరేమోనని భయం."

ఆ పిల్ల నవ్వలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని, "నాకూ అదే" అంది.

అరుగు మీద పంచాయితీ

ఆదివారం మధ్యాహ్నం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నన్ను చూడటానికి వచ్చారు. పెళ్ళికూతుర్ని చూసినట్టు చుట్టూ కూర్చున్నారు. అందులో సుబ్బమ్మ అని ఒకామె, ఊళ్ళో మాటలన్నీ తన నోటి మీదుగా పోతే తప్ప చెల్లవన్నట్టు కూర్చుంది. విచారణ ఆవిడే మొదలుపెట్టింది.

"మీ ఇంటికాడి నుంచి సముద్రం కనపడతాదా అక్కా?"

"కనపడదమ్మా. బస్సెక్కి సూర్యలంక వెళ్ళాలి."

"సినిమావాళ్ళు ఎదురు పడతాంటారంట గదా మీ ఊళ్ళో?"

తెనాలి గొప్ప వీళ్ళకి ఎంత తెలుసో అని మురిసిపోయాను. "వీధికో నాటకాల మనిషి ఉంటాడు. సినిమాలకి వెళ్ళినవాళ్ళకి లెక్కే లేదు."

"ఓయమ్మో!" అన్నారందరూ.

"రైల్లో ఎన్ని దినాలు పట్టె ఈడికి?"

"దినాలేమిటమ్మా? నిన్న పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగాను."

దొడ్లో గొర్రె ఒకటి దగ్గడం వినిపించింది.

"బొంబాయి నుంచి ఒక్క పూటకే ఎట్ల వచ్చినావు?" అంది తిరుపతమ్మ.

"బొంబాయి ఎక్కడ? మాది తెనాలి."

ఇక చూడాలి. కాశయ్యగారు గొంగడి దులుపుకుని లేచారు. "తెనాలా? మనకు కావాల్సింది బొంబాయి రక్తం గదా! డాక్టరమ్మ బొంబాయి అని నాలుగు మాట్లు చెప్పినాది!"

"అయితే ఈమెది డూప్లికేటా?" అంది సుబ్బమ్మ.

"నోర్ముయ్ సుబ్బీ!" తిరుపతమ్మ అరిచింది కానీ, ఆవిడ ముఖం తెల్లబోయింది. "రేపేగా పరీక్ష... ఇప్పుడు బొంబాయి నుంచి ఎవుర్ని పిలిపిస్తాం?" పార్వతి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాకు నవ్వు తన్నుకొస్తోంది, ఆ పిల్లని చూస్తే నవ్వడానికి ప్రాణం ఒప్పడం లేదు.

"అమ్మా, పార్వతి మాత్రం బొంబాయిలో పుట్టిందా? చంద్రశేఖరపురం పిల్ల కదా. ఆమెకి ఆ రక్తం ఉన్నప్పుడు నాకెందుకు ఉండకూడదు?"

"దాని సంగతి వేరేలే" అంది తిరుపతమ్మ, గొంతు తగ్గించి. "వాళ్ళ తాత ఎనకటికి గొర్రెలు తోలకపోయి ఏడాది దాకా తిరిగి రాలేదంట. బొంబాయికే పోయుంటాడు. ఆడ ఏం చేసినాడో, ఎవురు చూసినారు!"

పార్వతి చప్పున తల దించుకుంది. ఆ పిల్ల ఇన్ని నెలలుగా ఈ మాట మోస్తోందని అప్పుడు అర్థమైంది. కడుపులో బిడ్డని మోస్తున్నదే చాలదన్నట్టు, ఏనాడో పోయిన తాతగారిని కూడా మోస్తోంది.

నాకు తెలిసినంత విప్పి చెప్పాలనుకున్నాను. "అది ఊరి పేరు కాదు తిరుపతమ్మా. ఒంట్లో చక్కెర గొలుసులు కట్టే పనివాడు ఒకడు ఉంటాడు. నాకూ పార్వతికీ వాడు లేడు. అందుకని మా రక్తానికి పలుకు లేదు."

"పలుకు లేకపోవడమేంది?" అంది సుబ్బమ్మ. "పొద్దున్నుంచి పలుకుతానే ఉన్నావే!"

ఏం చెయ్యాలో తోచక చుట్టూ చూశాను. మజ్జిగ కుండ మీద మూతగా ఒక పలక ఉంది. కొడుకు పలకల పనిలో ఉన్న ఇల్లు కదా, చట్రం విరిగిన పలకలు కుండలకి మూతలు, తలుపులకి అడ్డాలు. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా అమ్మ పప్పు ఉడికేలోపు వంటింట్లో నాకు పలక మీదే అక్షరాలు దిద్దబెట్టింది. అమ్మని తలుచుకుని ఆ పలక చేతిలోకి తీసుకున్నాను.

"ఇది చూడండి. ఆ పనివాడు ఉన్నవాళ్ళందరికీ పుడుతూనే ఒంట్లో ఇలాంటి పలక వస్తుంది. కొందరు దాని మీద ఏ అని రాసుకుంటారు. కొందరు బీ అని. ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచితే ఓ. నాకూ పార్వతికీ అసలు పలకే లేదు. మొదట చూసినవాళ్ళు అక్షరం కనపడలేదు కదా, ఖాళీ పలకే అనుకుని ఓ అని రాసిచ్చారు. ఓ రక్తం తెచ్చి కలిపితే మా ఒళ్ళు ఆ పలకని చూసి, ఎవరిదీ కొత్త సామాను అని తిరగబడుతుంది."

"అవునవును" అన్నారు కాశయ్యగారు. "మావాడి రక్తం ఓ. కలిపి చూస్తే పాలు విరిగినట్టు విరిగిపాయె."

"మొదటిసారి బొంబాయిలో దొరికింది కాబట్టి ఆ పేరు. బొంబాయి రవ్వ మీ ఇంట్లో లేదా? అది బొంబాయి నుంచి నడిచొచ్చిందా?"

ఆ ముక్క బాగా ఎక్కింది. తిరుపతమ్మ ఆలోచనలో పడింది.

"మరి ఈ పిల్లకు అక్షరమే రాదంటావా?"

"రావచ్చు తల్లీ. ఏ అయినా, బీ అయినా ఆమెకి వచ్చే ఉండొచ్చు. రాసుకోవడానికి పలక లేక బయటపడదు. ఇది తాతగారు తిరిగి తెచ్చిందీ కాదు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ, రెండు వైపులా ఆ పనివాడు రాకపోతేనే ఇలా అవుతుంది. మా అమ్మా నాన్నా మేనరికం."

"వీళ్ళమ్మా నాయనా గూడ మేనరికమే" అంది తిరుపతమ్మ నెమ్మదిగా. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా, "పాపం, ఆ ముసలాయన ఊరికే గొర్రెలు మేపుకోను పోయినాడేమోలే" అంది.

పార్వతి మొదటిసారి నవ్వింది. "అక్కా, ఆ మాట మా అత్తచేత ఇంకోసారి చెప్పించవా?"

"చెప్పినా గదే! ఎన్నిసార్లు చెప్పాలా?"

కాశయ్యగారికి ఇంకో సంగతి తట్టింది. "తెనాలి అన్నావే, మరి నువ్వు అన్నం తింటావా?"

"ఎందుకు తినను? మూడు పూటలా అదే."

"ఓరి దేవుడా! బొంబాయివాళ్ళు చపాతీలే తింటారని నీకోసరం మేమూ తింటిమి. ఆ గుడ్డపేలికలు నమల్లేక నా దవడలు పడిపోయినాయి!"

ఆ సాయంత్రం కొర్రన్నం, గోంగూర పప్పు, మునగాకు వేపుడు, ఉలవచారు పెట్టారు. మునగాకులో నిమ్మకాయ పిండుకోమని నేనే చెప్పాను, ఇనుము ఒంటికి పడుతుందని. అందరూ నాతోపాటు పిండుకున్నారు. ఇచ్చేది నేనొక్కదాన్నే అయినా రక్తం పట్టించే పని ఇంటిల్లిపాదీ చేశారు. తినేముందు కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. స్వామి ఇచ్చినదానికి దండం పెట్టడం చిన్నప్పటినుంచీ అలవాటే. ఇవ్వనిదానికి కూడా పెట్టొచ్చని ఆ పూట తోచింది. ఆ ఒక్క పనివాడిని నాలో పెట్టడం ఆయన మరిచిపోబట్టే కదా, ఈ కొర్రన్నం నాకు దక్కింది.

కంభం

సోమవారం పెందలాడే జీపులో బయల్దేరాం. ఆసుపత్రిలో చేరాల్సిన పార్వతిని ముందు సీట్లో మెత్తలు వేసి కూర్చోబెట్టారు. గుంత వచ్చినప్పుడల్లా తిరుపతమ్మ డ్రైవర్ని వరసలు పెట్టి తిట్టింది. అతను కూడా వరసకి తగ్గట్టే, "అత్తా, రోడ్డు నేనేసినానా?" అని బదులిస్తూ నడిపాడు.

కంభంలో చెరువు దగ్గర ఆపారు. చెరువంటే మా ఊళ్ళో బట్టలుతికే గుంట. ఇక్కడిది కొండల మధ్య సర్దుకుని కూర్చుంది, అవతలి గట్టు కనపడలేదు. "సముద్రం కనపడతాదా అని మమ్మల్ని ఆటపట్టిస్తివే, ఇదో, మా సముద్రం" అన్నారు కాశయ్యగారు. అడిగింది వాళ్ళు, ఆటపట్టించింది నేనట!

చెరువు గట్టు దగ్గర టీ బంకు. అందరికీ టీ వచ్చింది. నేను వద్దన్నాను.

"ఎందుకక్కా? పాలు మంచివే" అన్నాడు టీ ఆయన.

"టీ తాగితే రక్తంలో ఇనుము తగ్గుతుందట నాయనా."

"ఇన్నేండ్లుగా తాగుతాండా, నాకేం తగ్గలేదే?"

"నీ తలకాయలోంచి తగ్గుంటాదిలే" అంది తిరుపతమ్మ. కానీ తన గ్లాసు వంక అనుమానంగా చూసి, సగం తాగి పక్కన పెట్టేసింది.

మార్కాపురం

ముందు చెన్నకేశవస్వామిని చూశాం. నేను పెద్దగా కోరికలు కోరే రకం కాదు. ఉన్నదానికి నమస్కారం పెట్టుకుని వచ్చేస్తాను. ఆ పొద్దు మాత్రం సిగ్గు విడిచి అరమార్కు అడిగాను. ఎదురుగా తిరుపతమ్మ లెంపలేసుకుంటూ పైకే అడిగింది: "స్వామీ, తెనాలామె రక్తం చిక్కగుండేట్టు చూడు."

రమేషు ఆసుపత్రి దగ్గర ఎదురుచూస్తున్నాడు. చేతులకి పలక బూడిద అలాగే ఉంది. పార్వతిని దింపి, నా కాళ్ళకి దండం పెట్టబోతే, "పరీక్ష పాసవనీ బాబూ" అన్నాను.

రక్తనిధిలో ఉన్న అమ్మాయి చలాకీగా ఉంది. గుంటూరులో లాగా ఇక్కడ యంత్రం పెట్టలేదు. చిన్న గ్లాసులో నీలం నీళ్ళు తెచ్చి పెట్టింది.

"నీ రక్తం చుక్క ఇందులో వేస్తానమ్మా. మునిగితే ఇయ్యచ్చు. తేలితే ఇంటికి పోవాలా."

కాశయ్యగారు వంగి చూశారు. "ఇది మైలుతుత్తం గాదా? గొర్రెల గిట్టలు పుచ్చితే మేం కడిగేది దీంతోనే."

"అదే తాతా."

"అయితే మంచి మందే" అని ఆయన ధైర్యం తెచ్చుకున్నారు.

వేలు పొడిచింది. సన్నటి గాజు గొట్టంలోంచి ఒక్క చుక్క నీలం నీళ్ళలో పడింది. నలుగురి తలలూ గ్లాసు మీదికి వాలాయి. ఇన్నేళ్ళుగా 'నన్ను ముంచకు స్వామీ' అని మొక్కుతూ వచ్చినదాన్ని, 'ముంచు స్వామీ, ముంచు' అని మొక్కాను. చుక్క కొంత దూరం దిగింది. దిగి, మధ్యలో ఆగింది. బస్సు ఎక్కాలా వద్దా అని ఆలోచించే మనిషిలా అక్కడే నిలబడిపోయింది. పార్వతి చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"దిగు తల్లీ, దిగు" అంది తిరుపతమ్మ, కొత్త గొర్రెని వాగులోకి దింపుతున్నట్టు. "దిగమ్మా, మా బంగారు గదా."

చుక్క కొంచెం వణికింది. వణికి, నెమ్మదిగా అడుక్కి వెళ్ళి కూర్చుంది.

"మునిగిపాయె!" అని కాశయ్యగారు పెట్టిన కేకకి బయట బెంచీ మీద ఉన్నవాళ్ళు లేచి తలుపు దగ్గరికి వచ్చారు.

"అయ్యో, ఎవురు? ఏ చెరువులో?"

వాళ్ళకి సర్దిచెప్పేసరికి ఆ అమ్మాయికి నవ్వాగలేదు. నన్ను మంచం ఎక్కించి సూది పెట్టింది. సంచి నిండుతుంటే తిరుపతమ్మ పక్కనే నిలబడి పొయ్యి మీద పాలు కాచినంత జాగ్రత్తగా చూసింది. "ఎర్రగా మామూలుగానే ఉందే. ఆ పలక లేదని ఎట్ల తెలుస్తాది?" అంది. తర్వాత నా రక్తాన్నీ పార్వతి రక్తాన్నీ కలిపి చూశారు. విరగలేదు. ఒకదాన్నొకటి ఎప్పటినుంచో ఎరిగినట్టు కలిసిపోయాయి.

పార్వతి నా మంచం దగ్గర కూర్చుంది. "మా అమ్మ పోయినాక నా రక్తమని చెప్పుకోను ఎవురూ లేరనుకున్నా అక్కా."

నాకు కళ్ళు చెమర్చబోయాయి. తిరుపతమ్మ అంతదాకా రానివ్వలేదు. "ఇప్పుడు తెనాలిలో ఉందిలే. ఇంక నామీద అలిగితే నేరుగా ఆడికే రైలెక్కుతావు" అంటూ నా నోట్లో బెల్లంముక్క పెట్టింది. అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు బెల్లం నమిలాను.

సాయంత్రం మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కించారు. ఎక్కేముందు నేను మూడు వారాల తర్వాత మొదటిసారి టీ తాగాను. ఆ బంకాయన పాలు పలచగా పోశాడు, పంచదార దండిగా వేశాడు. ఇంత రుచి నేనెరగను.

మళ్ళీ తెనాలి

వచ్చిన నాలుగో రోజున ఫోను మోగింది. తిరుపతమ్మ. ఆవిడ ఫోనులో కూడా కొండకి ఇవతల నుంచి అవతలికి పిలిచినట్టే మాట్లాడుతుంది. చెవికి దూరంగా పెట్టుకుంటే మావారు కూడా విన్నారు.

"అక్కా! ఆడపిల్ల! తల్లీ బిడ్డా సల్లగుండారు. రక్తం బాగానే పోయినాది. నీ సంచి మొత్తం ఎక్కిచ్చినారు, ఒక్క చుక్క మిగల్చలే!"

నేను దేవుడి గూటి వైపు తిరిగి నిలబడ్డాను.

"ఉండావా? ఇంకో మాట. బిడ్డకు బీ గ్రూపంట."

"బీనా!"

"ఆఁ. ఆ సుబ్బమ్మ ఊరుకుంటాదా? మొదట చూసినప్పుడు తల్లికి ఓ అన్నారు, తండ్రికి ఓ అన్నారు, మరి బిడ్డకు బీ ఎట్లొచ్చె అని వీధిలో అందరి చెవులూ కొరికినాది. డాక్టరమ్మ అట్లయితాదని మాకు ముందే చెప్పినా, దీని నోరెవురు మూస్తారు?"

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? కుండ మీది పలక తీసుకోని దాని అరుగు మీదికే పోయినా. 'ఇట్ల చూడవే. మా పార్వతికి అక్షరం పుట్టినప్పట్నుంచీ వచ్చు, రాసుకోను పలక లేకపాయె. మావాడు పలకల్లోనే పుట్టి పెరిగినాడు, ఒక్క అక్షరం రాదు. ఆమె అక్షరం, వీడి పలక, రెండూ తీసుకోని నా మనవరాలు బీ అని రాసి చూపిచ్చినాది. ఇంకా బుర్రకెక్కలేదా? ఉండు, తెనాలి నుంచి మా మనిషిని పిలిపిస్తా' అన్నా!"